రోహిణిలో చుట్టిన మోటార్

ఎల్లారెడ్డిలో హన్మండ్లు వైండింగ్ దుకాణం శివరాత్రి దాకానే తెరిచి ఉంటుంది. జాగారం చేసి వచ్చి, మర్నాడు పొద్దున స్నానం ముగించుకుని, షట్టర్ కిందికి గుంజి తాళం వేస్తాడు. తాళంచెవి భార్య రామవ్వ చేతిలో పెడితే ఆమె కొంగుకు ముడేసుకుంటుంది. మళ్లీ ఆ ముడి విప్పేది వానలు పడి ఊరు చల్లబడ్డాకే. ఫ్యాన్లు, కూలర్లు బాగుచేసే దుకాణం ఎండాకాలమంతా మూసి ఉండటం చూసి, బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగస్తులు ఈ ముసలాయనకేమైనా తిక్కా అనుకుంటారు. ఒక ఎండాకాలం ఇక్కడ గడిపాక వాళ్లే కార్తీకంలో కూలర్‌ని ఆటోలో వేసుకుని వచ్చి వరుసలో నిలబడతారు.

సంగతేమిటంటే, మోటార్‌కి తీగ చుట్టేటప్పుడు చుట్టూ ఏ గాలి ఉంటే ఆ మోటార్ బతికినన్నాళ్లూ అదే గాలి కొడుతుంది. పుష్యమాసం పొగమంచులో చుట్టింది నడి వేసవిలోనూ పొగమంచునే ఇస్తుంది. బతుకమ్మ రోజుల్లో చుట్టినదాని ముందు కూర్చుంటే తంగేడు పూల వాసన వస్తుంది. ఒకసారి హన్మండ్లు పని చేస్తుండగా పక్కింట్లో గారెలు వేయించారు. ఆ ఫ్యాన్ కిరాణా కొట్టు వాళ్ల ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో వాళ్లకు అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మళ్లీ ఆకలేస్తుంది, ఇంటిల్లిపాదీ ఒళ్లు చేశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త కూలర్లు ఎక్కడిదో పెద్ద షెడ్డు గాలి కొడతాయి, ఇనుము వాసన, అట్టపెట్టెల వాసన. అందుకే ఎల్లారెడ్డిలో కొత్త కూలర్ కొన్నవాళ్లు ముందు దానికి కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత హన్మండ్లు దగ్గరికి తెచ్చి ఇక్కడి గాలి చుట్టించుకుంటారు. ఎండాకాలంలో మోటార్ కాలిపోయిన ఇల్లు మాత్రం వానలు వచ్చేదాకా పక్కింటి కూలర్ ముందు సర్దుకోవాల్సిందే. ఎండల్లో చుట్టి లాభం లేదు కదా.

ఈ దుకాణంలో పనికి చేరిన అదే ఊరి పిల్ల నవత, ఇక్కడికి రాకముందు కామారెడ్డిలో ఇంటి మిషన్ల రిపేరు కోర్సు చేసింది. అంతకు ముందు తల్లి దేవవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టింది. బీడీ వైపు చూడకుండా, టీవీలో సీరియల్ చూస్తూ, మధ్యలో పక్కింటి గొడవ వింటూ దారం ముడి వేసే వేళ్లు ఆమెవి. ఆ వేళ్లకు ఇంకో పిచ్చి కూడా ఉంది. ఇంట్లో ఏది తిరగడం మానేసినా విప్పి చూడాలి. మిక్సీ విప్పింది, టేబుల్ ఫ్యాన్ విప్పింది, మేనత్త కొత్తగా కొన్న గ్రైండర్‌ని పాడవకముందే విప్పింది. చివరికి దేవవ్వే విసిగిపోయి, "ఎట్లయినా విప్పుతనే ఉంటవ్. గదేందో నేర్సుకోనన్న విప్పు" అని కామారెడ్డి బస్సెక్కించింది.

ఆ కోర్సులో ఆడపిల్లలు కొద్దిమందే. నేర్పే మల్లేష్ సార్ మొదటి రోజు ఏ పనిముట్టూ చేతికివ్వలేదు.

"ఇంటికి పోంగనే స్క్రూడ్రైవర్ తియ్యద్దు," అన్నాడు. "ముందు ఇంటామెను అడగండి. ఏం చప్పుడొచ్చింది, ఏం వాసనొచ్చింది, ఎప్పట్సంది గిట్ల చేస్తున్నది, అన్నీ అడగండి. మిషన్ ఆమె ముంగట తిరుగుతది, మీ ముంగట కాదు. అడుగుడైనంక ప్లగ్గు పీకి, అప్పుడు ముట్టండి."

తీగ ఎక్కడ తెగిందో బల్బు వెలిగించి పట్టుకోవడం, వాషింగ్ మిషన్ పైపులో ఇరుక్కున్న హెయిర్‌పిన్నులు తీయడం, ఫ్రిజ్ ఎందుకు చల్లబడటం లేదో వెనక చెయ్యి పెట్టి కనుక్కోవడం, అన్నీ నేర్చుకుంది నవత. వైండింగ్ కూడా అక్కడే మొదలుపెట్టింది. కాకపోతే ఆ పాఠం అన్నం తిన్నాక ఉండేది. కిటికీలు మూసిన గదిలో, సార్ గొంతు ఒకే తీరుగా సాగుతుండగా చుట్టిన మోటార్లు కాబట్టి ఆ ఫ్యాన్ల కింద ఎవరు కూర్చున్నా కునుకు పడాల్సిందే. ఒకటి తీసుకెళ్లి సెంటర్ ఆఫీసులో పెట్టారు. తనిఖీకి వచ్చినాయన దాని కింద హాయిగా నిద్రపోయి, లేచి, అంతా బాగుందని చెప్పి వెళ్లాడు.

కోర్సు అయ్యాక నవత ఊరికొచ్చి హన్మండ్లు దగ్గర చేరింది. అప్పుడే చలి మొదలైంది. ఆయన దుకాణం ముందు పందిరి కింద, బయటి గాలి తగిలేలా కూర్చుని చుడతాడు. పొద్దున రాగానే ఇద్దరూ ముందు గాలిని చూసేవాళ్లు. మంచు బాగా కురిస్తే టీ కూడా తాగకుండా తీగ పట్టేవాళ్లు. ఎవరైనా చెత్త కాలబెడితే ఆ పొగ పోయేదాకా ఆగేవాళ్లు. వీధిలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటుంటే వాళ్లు రాజీ పడేవరకు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ గాలిని తీసుకెళ్లి ఇంకొకరి పడకగదిలో పెట్టకూడదని హన్మండ్లు పట్టింపు.

చుట్టిన కాయిల్స్‌ని మోటార్ లోపలి గాడుల్లో కూర్చోబెట్టాక దారంతో బిగించి కట్టాలి. నవత ఆ కట్టు కట్టడం చూసి హన్మండ్లు దుకాణం వెనకున్న ఇంట్లోంచి రామవ్వను కేకేసి పిలిచాడు.

"ఇగో, జర చూడు. గీ కట్టుడు నేర్సుకోనీకి నేను మా ఉస్తాద్ తాన ఎన్ని దెబ్బలు తిన్ననో. ఈ పిల్ల పుట్టంగనే నేర్సుకొచ్చింది."

"బీడీల దారం బాపు," అంది నవత నవ్వుతూ. "మా అమ్మ గుడ తక్వ కొట్టలే."

ఆయన బల్ల చివర ఇంత జాగా ఇచ్చాడు. అక్కడ ఇరుకుగా కూర్చుని పని చేసేది. ఆ చలికాలమంతా నవత చాలా సంతోషంగా ఉంది. ఆమెకి కావాల్సింది ఒక్కటే, ఆ పందిరి కింద తనకంటూ ఒక బల్ల. రాత్రి పడుకునే ముందు ఆ బల్ల మీద ఏది ఎక్కడ పెట్టుకోవాలో కూడా అనుకునేది.

శివరాత్రి వచ్చింది. షట్టర్ వేసే ముందు హన్మండ్లు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"నీ చెయ్యి మంచిది బిడ్డా. గా మాట నేను ఎవ్వరి ముంగటనన్న చెప్త. గని ఈ దుకాన్ల చలికాలమే పని. గదాన్ని ఇద్దరం పంచుకుంటే ఇద్దరికీ అరకడుపే. నువ్వు వేరే జాగ చూసుకో."

"ఎండాకాలం గుడ తెరుద్దం బాపు."

"తెరిచి ఏం చుడ్తవ్? వడగాలి చుడ్తవా?"

నవత ఇంటికొచ్చి మల్లేష్ సార్‌కి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఒక సర్వీసు కంపెనీ వాళ్లు తన దగ్గర నేర్చుకున్నవాళ్లను తీసుకుంటున్నారని, ఉగాది తర్వాత కొందరు వెళ్తున్నారని ఆయన చెప్పాడు.

"ఆడ చుట్టుడుంటదా సార్?"

"చుట్టుడు ఎక్కడిదమ్మా. కాలిన మోటార్ తీసి అవతల పెట్టుడు, కొత్తది బిగించుడు. బండి, యూనిఫాం వాళ్లదే. మంచి కొలువు."

మంచి కొలువేనని ఆమెకూ తెలుసు. అయినా మనసొప్పలేదు. ఇప్పుడు రాలేనంది. అయితే దీపావళి తర్వాత ఇంకో జట్టు వెళ్తుంది, అప్పుడు మాత్రం ఆలోచించుకోకు అన్నాడు సార్. నవత మళ్లీ తల్లి పక్కన బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది.

రోహిణి కార్తె వచ్చేసరికి ఊరు మాడిపోతోంది. హన్మండ్లు మద్నూర్‌లో ఉన్న బిడ్డ ఇంటికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే నర్సింహులు కూలర్ మోటార్ కాలిపోయింది. నర్సింహులు కామారెడ్డి రోడ్డు మీద, ఊరి చివర ఉండే రైతు. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకోదు. దుకాణం మూసి ఉంటుందని తెలిసి కూడా వచ్చి, తాళాన్నే తిడుతూ నిలబడ్డాడు. చుట్టుపక్కల ఇళ్లన్నీ దూరమే, పక్కింటి కూలర్ ముందు సర్దుకునే వీలు కూడా లేదు.

అటుగా పోతున్న నవత ఆగింది. ఎండాకాలంలో కూడా పని చేయొచ్చని చూపించడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదనిపించింది. "నేను చుట్టిస్త కాక, మోటార్ తే" అంది.

ఆమె లెక్క ఆమెకుంది. కామారెడ్డిలో కిటికీలు మూసి చుడితే బయటి గాలి మోటార్‌లోకి రాలేదు, గదిలోని నిద్రగాలే వచ్చింది. అంటే గదిని చల్లగా ఉంచుకుంటే చాలు కదా. రామవ్వ దగ్గరికి వెళ్లి తాళంచెవి అడిగింది. రామవ్వ కొంగు ముడి విప్పి ఇచ్చింది.

నవత షట్టర్ లోపల్నుంచి కిందికి దించుకుంది. చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీసింది. కుండల్లో నీళ్లు పెట్టింది, సోడా బండి వాళ్ల దగ్గర్నుంచి ఐసు గడ్డ తెచ్చి పళ్లెంలో పెట్టింది. ఆలోచన తప్పు కాదు. కానీ దుకాణం కప్పు రేకులది. బయటున్న రోహిణి ఆ రేకుల కింద ఇంకా ముదిరింది. మొదటి కాయిల్ కూర్చోకముందే గోనెసంచులు అప్పడాల్లా ఎండిపోయాయి. ఐసు నీళ్లయి, నీళ్లు గోరువెచ్చనయ్యాయి. చెమట కళ్లలోకి కారుతున్నా నవత ఆగలేదు, మధ్యలో ఆపితే తీగ పాడవుతుంది. సాయంత్రానికి వార్నిష్ పూసి, ఆరాక తిప్పి చూసింది. ఆ గదిలో నిలబడి ఆ గాలి తేడా ఎలా తెలుస్తుంది? బాగానే ఉందనుకుని నర్సింహులుకి ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే కూలర్‌తో సహా ట్రాక్టర్ మీద వచ్చాడు నర్సింహులు. వెంట భార్య భూమక్క కూడా ఉంది.

"ఏం చుట్టినవే తల్లీ? ఇంట్ల పొయ్యి పెట్టినట్టున్నది. నిన్నటిసంది కండ్లు మంట, నోరు మంట. పిల్లి గుడ ఇల్లిడిసి పోయింది."

నవతకి సార్ నేర్పిన మాటే నోటికొచ్చింది. "భూమక్కా, ఇంక ఏం చేసింది అది?"

"ఇంకేం జేస్తది. గడ్డి తడుస్తనే లేదు. నీళ్లు పోసుడు నా వంతు, తాగుడు దాని వంతు," అంది భూమక్క. మళ్లీ తనే నవ్వి, "తలకు పోసుకొని ముంగట కూసున్న. జడేసుకునే లోపలనే వెంట్రుకలు ఆరినయ్. గదొక్కటే లాభం" అంది.

మధ్యాహ్నం మద్నూర్ బస్సు దిగి వచ్చిన హన్మండ్లుకి విషయం ముందే చేరింది. వచ్చి, కూలర్ తిప్పి, అరచెయ్యి పెట్టి చూశాడు. "రోహిణి" అన్నాడు. కోప్పడలేదు. లోపలికి వెళ్లి తన ఇంటి కూలర్ విప్పి అందులోని మోటార్ తీసుకొచ్చాడు. అది ఆయన పెళ్లయిన కొత్తలో, పుష్యమాసంలో, ఎదుటి మనిషి కనిపించనంత మంచులో చుట్టింది. ముసలి దంపతులు ఇన్నేళ్లూ ఎండాకాలం దాని ముందే గడిపారు. దాన్ని నర్సింహులు కూలర్లో బిగించి ఇచ్చి పంపించాడు.

అప్పుడేడ్చింది నవత. నర్సింహులు తిట్టినందుకు కాదు. ఈ ఎండల్లో ఆ ఇద్దరూ తన వల్ల ఉక్కపోతలో ఉండాలి కదా అని.

"ఏడ్వకు," అంది రామవ్వ. "బయట మంచాలు ఏసుకుంటం. చుక్కలన్న కనబడ్తయ్. తాళంచెవి ఇచ్చింది నేనే గదా, నన్ను గుడ జర తిట్టుండ్రి మరి."

హన్మండ్లు ఆ రోహిణి మోటార్‌ని గుడ్డలో చుట్టి నవత చేతిలో పెట్టాడు. "ఇది నువ్వు పెట్టుకో బిడ్డా. విప్పకు. పని మంచిగనే చేసినవ్, కట్టు చూడు ఎంత ముద్దుగున్నదో. కాలమే చూసుకోలే."

నవత దాన్ని ఒక ఇనుప స్టాండుకి బిగించి, రెక్కలు పెట్టి, ఇంట్లో ఒక మూల ఉంచింది. దేవవ్వ మొదట "ఇంట్ల కొలిమి తెచ్చి పెట్టినవ్" అని సణిగింది. శ్రావణంలో ముసురు పట్టాక సణుగుడు ఆగిపోయింది. చుట్టిన బీడీలు చెమ్మగిల్లితే కార్ఖానాలో తీసుకోరు, తీసి పక్కన పడేస్తారు. దేవవ్వ చాటలన్నీ ఆ ఫ్యాన్ ముందు పరిచేది. టీ తాగి వచ్చేలోగా బీడీలు గలగలమనేవి. ఆ వీధి బీడీలన్నీ ఆ మూలకే చేరాయి. పిల్లల స్కూలు బట్టలు కూడా వచ్చేవి. నవత చూస్తూనే ఉంది, కానీ ఆమె మనసు అక్కడ లేదు. దీపావళి దగ్గరపడుతోంది.

దీపావళి వెళ్లిపోయింది. మల్లేష్ సార్ ఫోన్ చేసి, పొద్దున కామారెడ్డి బస్టాండుకు వస్తే అందరూ కలిసి హైదరాబాద్ వెళ్లొచ్చన్నాడు. ఈసారి నవత సరేనంది. చలికాలం పని మొదలైనా హన్మండ్లు బల్ల చివర కూర్చుని ఆయన కూట్లో చెయ్యి పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. వెళ్తున్నానని చెప్పడానికి పోతే ఆయన ఒక పాత కత్తెర ఇచ్చాడు, తీగ కత్తిరించేది. రామవ్వ సంచిలో ఉడకబెట్టిన మక్క గుడాలు పోసింది.

ఆ వారం అకాలంగా వాన పట్టింది. కోతలు అయిపోయి వడ్లు కల్లాల్లో ఉన్న సమయం. నవత బస్సెక్కిన పొద్దున వాన ఆగింది గానీ మబ్బు విడవలేదు. ఊరి చివర రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటే బస్సు నెమ్మదిగా పోసాగింది. కిటికీలోంచి చూస్తే నర్సింహులు ఇల్లు. ఇంటి ముందు టార్పాలిన్ మీద వడ్ల రాశి, దాని కింద నీళ్లు. భూమక్క తాంబాళంతో ఆ నీళ్లు ఎత్తి పోస్తోంది. నర్సింహులు దోసెడు వడ్లు చేతిలో పట్టుకుని ఊరికే చూస్తున్నాడు. అంత నోరున్న మనిషి అలా మాటాపలుకూ లేకుండా కూర్చోవడం నవత ఎన్నడూ చూడలేదు.

భూమక్క తడిసిన కొంగు పిండుకుని, ముఖం మీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. జడేసుకునే లోపలనే వెంట్రుకలు ఆరినయ్ అన్న మాట నవతకి అప్పుడు గుర్తొచ్చింది. లేచి నిలబడి బస్సు ఆపమంది. ఇంకో బస్సుకు పోవచ్చులే అనుకుంది.

దిగుతూనే తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, ఆ ఫ్యాన్ ఆటోల ఏసుకొని నర్సింహులు కాక ఇంటికి రా. బీడీలు తీసి పక్కకు పెట్టు."

నర్సింహులు ఆమెను చూసి, "మళ్ల నువ్వేనా?" అన్నాడు. కోపానికి కూడా ఓపిక లేని గొంతు. "మొలకలొస్తున్నయ్ బిడ్డా. గీ తేమతోని ఎవలు కొంటరు?"

"కాక, ఆ రోజు తిట్టినవ్ గదా, గా మోటారే తెప్పిస్తున్న."

నర్సింహులు ఏదో అనబోయాడు. భూమక్క అననివ్వలేదు. "తేనియ్యి. ఇంతకంటె చెడేదేమున్నది" అని, తాంబాళం పక్కన పెట్టి, వడ్లను వేరే పొడి టార్పాలిన్ మీద పలుచగా పరవడం మొదలుపెట్టింది. దేవవ్వ ఆటోలో ఫ్యాన్‌ని ఒళ్లో పెట్టుకుని దిగింది. ఇంట్లోంచి తీగ లాగి, ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేశారు.

గాలి మొదలైంది. మబ్బు పట్టిన ఆ చల్లటి పొద్దున ఆ వాకిట్లోకి రోహిణి కార్తె వచ్చింది. కాలిన రేకుల వాసన, దుమ్ము వాసన, ఎండకు పండిన మామిడికాయల వాసన. నవతకి ఆ రోజు తన కళ్లలోకి కారిన చెమట గుర్తొచ్చి, ఎందుకో గర్వంగా అనిపించింది. భూమక్క కాళ్లతో వడ్లను తిరగేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నర్సింహులు కూడా లేచాడు. వడ్ల మీద నుంచి ఆవిరి లేచి, పలచబడి, పోయింది. భూమక్క ఒక గింజ తీసి పంటి కింద పెట్టింది. పటుక్కుమంది.

"ఇగో, నువ్వు గుడ కొరుకు," అని ఇంకో గింజ నర్సింహులు నోట్లో పెట్టింది. ఆయన కొరికాడు. తర్వాత తల తిప్పుకుని, ఆ గాలికి కళ్లు మండుతున్నాయని గొణిగాడు. ఈసారి అది అబద్ధం.

అప్పుడే మల్లేష్ సార్ ఫోన్.

"నవతా, యాడున్నవ్? అందరొచ్చిండ్రు, బండి పోతున్నది."

"సార్, వడ్లు ఆరబెడ్తున్న."

"మబ్బుల ఎట్ల ఆరుతున్నయ్?"

"మోటార్ ఉన్నది సార్. రోహిణిల చుట్టింది."

"ఎవలు చుట్టిన్రు?"

"నేనే సార్."

సార్ "మరి కానియ్యి. పని ఇడిసి రావద్దు. వాళ్లకు నేను చెప్త" అన్నాడు. బండి నవత లేకుండానే వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి రోడ్డు పొడుగునా ఉన్న రైతులందరికీ తెలిసింది. ఫ్యాన్ ఒక టార్పాలిన్ నుంచి ఇంకో టార్పాలిన్‌కి నడిచింది. మబ్బు విడిచేదాకా అది తిరుగుతూనే ఉంది, నవత దాని వెంటే ఉంది. మోటార్ వేడెక్కితే ఆపి చల్లార్చింది, దుమ్ము తుడిచింది, బేరింగుకి నూనె వేసింది. కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషన్ ఆ వడ్లన్నిటినీ సరేనంది. మహమ్మద్‌నగర్ నుంచి, నస్రుల్లాబాద్ నుంచి కూడా మనుషులు వచ్చి చూశారు. చూసి అందరూ అడిగింది ఒకటే మాట, మాకు కూడా ఒకటి చుట్టిస్తారా అని.

వాళ్ల వెనకే హన్మండ్లు కూడా వచ్చాడు. ఫ్యాన్ ముందు అరచెయ్యి పెట్టాడు, తర్వాత ముఖం పెట్టాడు, కళ్లు మూసుకున్నాడు.

"వడగాలి చుడ్తవా అని ఎక్కిరిచ్చిన నిన్ను," అన్నాడు. "చుట్టి చూపెట్టినవ్."

"తప్పు చేసి చుట్టిన బాపు."

"తప్పో ఒప్పో, వడ్లకు తెలుసా?" అని, తమకూ ఒకటి చుట్టిమ్మంటున్నవాళ్ల వైపు తిరిగాడు. "ఇప్పుడు చుడితే మంచుగాలి వస్తది. గిసుంటిది గావాలంటే రోహిణి దాకా ఆగుండ్రి. రోహిణికి దుకాన్ తెరుస్తం." అందరూ తలూపారు. ఆయన నవత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "తెరుస్తమన్న గని, గా రేకుల కింద నేను కూసోలేను బిడ్డా. నాకు గంత సత్తువ లేదు. నువ్వే కూసోవాలె."

నవత తలూపింది, అంతే. దేవవ్వే అందుకుని, "కూసుంటది కూసుంటది, దానికి యాడ కూసున్నా విప్పుడే పని" అంది.

కల్లాల పని తీరాక నర్సింహులు ఒక పొద్దున హన్మండ్లు ఇంటికి వచ్చాడు. చంకలో గుడ్డ మూట. విప్పితే ఆ పాత మోటార్, మంచులో చుట్టింది.

"నీ మంచు నువ్వు పెట్టుకో. నా రోహిణి నాకిప్పియ్యి. గది నా మోటార్ మీద చుట్టిందే గదా," అన్నాడు.

"మరి నా బీడీలు?" అని, సంగతి తెలిసి వచ్చిన దేవవ్వ చాలాసేపు పోట్లాడింది. చివరికి కోతలప్పుడు నర్సింహులు ఇంట్లో, ముసురులో దేవవ్వ ఇంట్లో ఉండేట్టు ఒప్పందం కుదిరింది. నర్సింహులు తన కూలర్‌కి కొత్త మోటార్ కొని తెస్తే హన్మండ్లు దానికి పుష్యమాసం చుట్టాడు. ఆయన పక్కన బల్ల చివర కూర్చుని నవత కట్టు కట్టింది. ఆ చలికాలం ఇరుకు ఆమెకి ఇరుకనిపించలేదు.

శివరాత్రి అయ్యాక హన్మండ్లు ఎప్పటిలాగే షట్టర్ వేశాడు. రోహిణి కార్తె వచ్చిన పొద్దున రామవ్వ కొంగు ముడి విప్పి తాళంచెవి నవతకిచ్చింది. షట్టర్ పైకి లేపితే లోపల, రేకుల కింద, సరిగ్గా మధ్యలో కొత్త బల్ల ఉంది. వడ్రంగి చేత ఎప్పుడు చేయించారో, ఎప్పుడు లోపల పెట్టారో ఆమెకు తెలియదు. దాని మీద వాళ్లు ఏమీ పెట్టలేదు. ఏది ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకే తెలుసని వదిలేశారు. నవత పాత కత్తెర కుడి చేతి వైపు పెట్టింది. దారం ఎడమ వైపు. నీళ్ల సీసా కింద.

బయట అప్పటికే ఆటోలు ఆగి ఉన్నాయి. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ రైతులు మరాఠీలో ఏదో మాట్లాడుకుంటూ మోటార్లు దింపుతున్నారు. కామారెడ్డి నుంచి మల్లేష్ సార్ తన పిల్లల్ని బస్సులో తీసుకొచ్చాడు, రోహిణి ఎలా చుట్టాలో చూపించడానికి. వాళ్లు రేకుల కిందికి రాగానే నోట్‌బుక్కులతో విసురుకోవడం మొదలుపెట్టారు.

"విసురుకోవద్దు," అంది నవత. "ఆ గాలి గుడ దీంట్లకొస్తది. నిమ్మలంగ కూసొని చెమట పట్టనియ్యుండ్రి."

ఇంట్లో హన్మండ్లు, రామవ్వ తమ పొగమంచు ముందు దుప్పటి కప్పుకుని మధ్యాహ్నం నిద్ర పోయారు. పొద్దు గూకాక నవత షట్టర్ దించి, తాళం వేసి, ఒళ్లంతా ఉప్పు తేలి, నవ్వుకుంటూ వాళ్లింట్లోకి వచ్చింది. తాళంచెవి రామవ్వకు ఇవ్వబోయింది. రామవ్వ చెయ్యి చాపలేదు.

"నాకెందుకు మళ్ల," అంది. "రేపు పొద్దుగాలనే నువ్వే తెరవాలె గదా."

నవత కట్టుకున్నది చీర కాదు, కొంగు లేదు. కాసేపు ఆలోచించి చున్నీ చివరకు ముడేసుకుంది. బీడీల ముడి, లాగినా ఊడదు.